తొలి మావు

ఆ చలికి ముక్కు ఉందో ఊడిందో తెలియక మాటిమాటికీ చేత్తో తడిమి చూసుకుంటున్నాను. పక్కన మా హిందీ టీచరు రెండు స్వెట్టర్లు తొడుక్కుని, వాటిమీద వాళ్ళాయన కోటు వేసుకుని, ఆపైన శాలువా కప్పుకుని, "ఎంత బావుందండీ!" అంటూ ప్రతి దుకాణం ముందూ ఆగిపోతోంది. మేమిద్దరం బెజవాడలో ఒకే బళ్ళో పాఠాలు చెప్పి రిటైరయినవాళ్ళం. బెంజ్ సర్కిల్ దగ్గర ట్రావెల్స్ వాళ్ళు యూరప్ టూరు అంటే, మోకాళ్ళు పనిచేస్తుండగానే ఓసారి చూసి వద్దామని బయల్దేరాం. నోరు తిరగని పేరున్న ఈ ఊళ్ళో గైడు మమ్మల్ని పొద్దున్నే దింపేసి, "ఇవాళంతా మీ ఇష్టమండీ, క్రిస్మస్ బజార్లన్నీ నడిచే దూరమే" అని తన దారిన తాను పోయాడు.

పోయేముందు బస్సులో ఒక మాట చెప్పాడు. పండగనాటి రాత్రి ఇక్కడ ఇంట్లో అందరూ చేప తింటారట. బల్లమీద ఒక కంచం ఎక్కువ వేస్తారట, ఎవరూ లేనివాళ్ళు తలుపు తడితే కూర్చోబెట్టడానికి. బస్సులో ఆడవాళ్ళందరూ "అయ్యో, ఎంత మంచి పద్ధతో!" అన్నారు. నేను మాత్రం కిటికీలోంచి బయటికి చూశాను. నాకు ఇలాంటివి విన్నప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. ఎందుకో ఆవేళ నాకే తెలియలేదు.

సరే, నడిచాం. చెక్క గుడిసెల్లాంటి అంగళ్ళు, వాటి చూరుకి పచ్చటి కొమ్మలు, రంగు దీపాలు. ద్రాక్షసారాలో లవంగాలూ దాల్చినచెక్కా వేసి పెద్ద గంగాళాల్లో కాస్తున్నారు. కళ్ళు మూసుకుంటే ఎవరింట్లోనో మసాలా నూరుతున్నట్టే ఉంది. ఇంకోచోట ఏవో గింజలు పెనంమీద కాలుస్తుంటే తేగలు కాల్చిన వాసన వచ్చింది. చెక్క బొమ్మల దుకాణం దగ్గర హిందీ టీచరు, "మన కొండపల్లి బొమ్మల ముందు ఇవెందుకండీ పనికొచ్చేది" అంటూనే నాలుగు కొనేసింది. ఆవిడ మనిషే అంత. తిట్టి కొంటుంది.

అలా ఒక వీధి మలుపు తిరిగామో లేదో, నా కాళ్ళు ఆగిపోయాయి. పేవ్‌మెంటు మీద పెద్ద పెద్ద నీలం తొట్టెలు. నీళ్ళు పొంగి రోడ్డు మీదికి కారుతున్నాయి. లోపల బతికిన చేపలు. రబ్బరు గుడ్డ నడుముకి కట్టుకున్న ఒకాయన చిన్న వలతో ఒకదాన్ని పైకి తీసి, కొయ్యసుత్తితో తలమీద ఒక్కటిచ్చి, చకచకా పొలుసు గీస్తున్నాడు. కొనేవాళ్ళు వరసలో నిలబడి ఉన్నారు.

"రామరామ! పండగపూట ఇదేంటండీ. పదండి, పదండి" అంది హిందీ టీచరు ముక్కుకి శాలువా అడ్డం పెట్టుకుని.

"మీరు ఆ కొవ్వొత్తులు చూస్తూ ఉండండి, వస్తున్నా" అని నేను తొట్టె దగ్గరికి వెళ్ళాను. వెడల్పాటి వీపు, పచ్చటి పొలుసు, మూతి దగ్గర చిన్న మీసాలు. ఎక్కడున్నా పోల్చుకుంటాను. బంగారు తీగ. నీ పేరు బంగారం కానూ, ఇక్కడ దొరికావటే నాకు అనుకున్నాను.

* * *

మాది కొల్లేటి మధ్యలో లంక ఊరు. దిబ్బమీద ఇళ్ళు, చుట్టూ నీళ్ళు. వానాకాలంలో ఎక్కడికెళ్ళాలన్నా తాటిమాను తొలిచి చేసిన దోనెమీదే వెళ్ళాలి. పొద్దున లేచేసరికి నాచు వాసన, తడి వెదురు వాసన, ఎవరింట్లోనో ఇంగిలాయి చేపలు వేగుతున్న వాసన. చింతచిగురులో చిట్టి రొయ్యలు వేసి మా నాయనమ్మ దగ్గరకి వండిందంటే చట్టి నాకి పెట్టేవాళ్ళం. తామర తూళ్ళు పీక్కొచ్చి పచ్చివే నమిలేవాళ్ళం. ఆ కొల్లేరు ఇప్పుడు లేదు. మ్యాపులో ఉంది. బస్సులో వెళ్తూ చూస్తే గట్లూ చెరువులూ, చెరువులూ గట్లూ.

నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు. గాలివానలో దోనె తిరగబడిందట. ఇంట్లో ముగ్గురం ఆడవాళ్ళమే మిగిలాం. నాయనమ్మ, అమ్మ, నేను. పక్కింట్లో పెదనాన్న, దొడ్డమ్మ. పెదనాన్న ఊరి పెద్దల్లో ఒకడు, పెద్ద గొంతు మనిషి.

మగవాడు లేకపోతే నీళ్ళమీదికి వెళ్ళేదెవరు, తినేదేమిటి? దానికి మా ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది. వెదురు బద్దలతో అల్లిన బోనుల్ని మావులు అంటాం. సాయంత్రం ఊరి మగవాళ్ళు వాటిని పాయలో వరసగా కట్టి వచ్చేవాళ్ళు, తెల్లారుతూనే పైకెత్తేవాళ్ళు. పాయ మొదట్లో, నీళ్ళు బాగా పారే చోట కట్టినది తొలి మావు. అందులో ఏం పడితే అది మగదిక్కు లేని ఇంటిది. చిట్టిచేపలు పడనీ, చెయ్యంత కొరమీను పడనీ, ఎవడూ అందులో వేలు పెట్టడు. అది పైకెత్తి బుట్టలో పోశాకే మిగతావాళ్ళు తమ మావుల మీద చెయ్యి వేసేవాళ్ళు. ఆ రోజుల్లో ఊళ్ళో అలాంటి ఇల్లు మాదొక్కటే.

నేను కళ్ళు నులుముకుంటూ అమ్మ కొంగు పట్టుకుని రేవుకి వెళ్ళేదాన్ని. అమ్మ అందరికంటే ముందు నిలబడేది. తలొంచుకుని కాదు. బుట్ట నడుముకి ఆనించుకుని, ఏమయ్యా ఇంకా లేవలేదా అన్నట్టు నిలబడేది. "కాస్త ఆగవే వదినా, చెయ్యి వణుకుతోంది చలికి" అనేవాడు మావు ఎత్తే కుర్రాడు. "వణికితే వణికావులేగానీ కొరమీను జారనియ్యకు" అనేది అమ్మ. అందరూ నవ్వేవాళ్ళు.

నాయనమ్మ ఆ సంగతి నాకు గర్వంగా చెప్పేది. "మీ తాత పోయినప్పుడు నాకూ ఆ మావేనే దిక్కు. మీ అయ్యా, మీ పెదనాయినా అది తినే ఇంతవాళ్ళయ్యారు. ఊరు పెట్టింది కాదే, నీళ్ళు పెట్టింది" అనేది. పెదనాన్న అక్కడే కూర్చుని వల బాగుచేసుకుంటూ "అవునమ్మా, అవును" అనేవాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

కొరమీను పడితే మాకు పండగే. అది గాలి పీలుస్తుంది కాబట్టి కాసిని నీళ్ళుంటే చాలు, బతికే ఉంటుంది. బతికున్నదానికి బెజవాడలో ఉన్న గిరాకీ చచ్చినదానికి ఉండదు. అమ్మ ఇత్తడి బిందెలో నాచు పరిచి, వాటిని వేసి, మూతికి తడిగుడ్డ కట్టి, నన్ను వెంటేసుకుని దోనె దిగి పాసింజరు బండెక్కేది. ప్రతి స్టేషన్లో పంపు దగ్గరికి పరిగెత్తి చెంబుడు నీళ్ళు తేవడం నా పని. ఒకసారి పెట్టెలో ఒక లావుపాటాయన మమ్మల్ని చూసి, "ఛీ ఛీ, నీచు కంపు, అవతలికి పోండి" అని కసురుకున్నాడు. అమ్మ కునుకు తీస్తోంది. నేను మెల్లగా బిందె మూతిగుడ్డ వదులు చేశాను. కొరమీను ఒక్క ఎగురు ఎగిరి ఆయన చెప్పుల మధ్య పడింది. ఆయన "పాము! పాము!" అని సీటు మీదికి ఎక్కి నిలబడ్డాడు. అమ్మ లేచి చేపని పట్టుకుంది, ఆ తర్వాత నా చెవి పట్టుకుంది. అయితే చెవి మెలేస్తూ నవ్వు ఆపుకోలేకపోయింది.

గవర్నర్‌పేటలో లాడ్జీల వెనక సందుల్లో అమ్మకి వాడుక ఇళ్ళుండేవి. క్రిస్మస్ ముందు రోజైతే చూడాలి. వీధి వీధినా కాగితపు నక్షత్రాలు వేలాడేవి, లోపల బల్బు వెలుగుతూ. బేకరీల్లోంచి కేకుల వాసన గుమ్మంటూ వచ్చేది. ఆవేళ అమ్మకి తొందర ఉండేది కాదు. బిందె ఖాళీ అయ్యేదాకా నెమ్మదిగా తిరిగేవాళ్ళం. నేను ప్రతి నక్షత్రం కిందా ఆగి మెడ పైకెత్తి చూసేదాన్ని. రైలుపేటలో ఒక నర్సమ్మగారు అన్నిటికన్నా పెద్ద కొరమీనుని పండక్కని ముందే చెప్పి ఉంచుకునేవారు. "ఏమ్మా, మా చేప ఊపిరితోనే ఉందా?" అని అడిగేవారు. అమ్మ గుడ్డ విప్పి, "మీకంటే నాకంటే గట్టిగా ఉందండి" అనేది. ఆవిడ నా చేతిలో ఒక కేకు ముక్క పెట్టేవారు. దాన్ని సగం తిని, సగం నాయనమ్మకని కాగితంలో చుట్టి పరికిణీ జేబులో దాచుకునేదాన్ని. ఇంటికొచ్చేసరికి దానికి చేపల వాసన పట్టేది. నాయనమ్మ కళ్ళు మూసుకుని తిని, "దొరల తిండే!" అనేది.

ఇప్పుడు చూస్తున్న ఈ చలిదేశపు ఊళ్ళో ఇన్ని దీపాలున్నాయి, ఇంత సంబరం ఉంది. ఆ సందుల్లో తిరిగిన నడకకి మాత్రం ఇది సాటి రాదు.

* * *

అలాంటి ఒక క్రిస్మస్ అయ్యాక వచ్చిన ఎండాకాలంలో చెరువు మాట పుట్టింది. కొల్లేట్లో మా ఊరి భాగానికి గట్టు కట్టి, చేపపిల్లలు వేసి పెంచితే, ఏడాదికోసారి పట్టుబడి, లారీలొచ్చి ఐసు పెట్టెల్లో ఎత్తుకెళ్తాయి, ఊరు బాగుపడిపోతుంది అన్నారు. జీపులో వచ్చినవాళ్ళు చెప్పారు, పెదనాన్న అరుగుమీద కూర్చుని ఇంకా గట్టిగా చెప్పాడు. గట్టు పని మొదలైంది. మా అమ్మ కూడా తట్టలతో మట్టి మోసింది. ఎక్కడ మోసిందనుకున్నారు? పాయ మొదట్లో, తొలి మావు కట్టే చోటే. గట్టు మొదలయింది అక్కడి నుంచే. మట్టి మోసినన్నాళ్ళూ ఎవరూ ఏమీ చెప్పలేదు, అమ్మ ఏమీ అడగలేదు. అడగాలని తోచలేదు. ఊపిరి పీల్చుకోవడానికి ఎవరినైనా అడుగుతామా?

వానలు పడ్డాయి. చేపపిల్లలు వస్తున్నాయంటే ఊరు ఊరంతా రేవు దగ్గర చేరింది. మా వాళ్ళు చేసిన వెర్రిపని చూడండి. కొత్తకోడలు గడపలో అడుగు పెడుతున్నట్టు చేపపిల్లలకి హారతి పట్టాలనుకున్నారు. డోలు పెట్టారు, పళ్ళెంలో పసుపు నీళ్ళు కలిపారు. జీపులోంచి దించిన ప్లాస్టిక్ సంచుల్లో సూదుల్లాంటి పిల్లలు తిరుగుతున్నాయి. బంగారు తీగ అట, దూరదేశపు చేప అట, వద్దన్నా పెరుగుతుందట. పిల్లలం ఎగబడి చూశాం.

అమ్మ ఎప్పటిలాగే వచ్చి అందరికంటే ముందు నిలబడింది. అది ఆవిడ చోటు.

పెదనాన్న చూశాడు. "అమ్మాయ్, నువ్వు కాస్త వెనక్కి జరుగు. శుభమా అని గంగలో పిల్ల పడుతోంది, ముత్తైదువలు ముందుకి రావాలి" అన్నాడు.

అమ్మకి మొదట అర్థం కాలేదు. చుట్టూ చూసింది, ఎవరిని అంటున్నాడా అని. దొడ్డమ్మ హారతి పళ్ళెం పట్టుకుని ముందుకొచ్చింది. అమ్మ మొహం చూడకుండా, "జరగవే, వేళ మించిపోతోంది" అంది.

నాయనమ్మ కర్ర నేలకేసి కొట్టింది. "ఏరా! నీళ్ళకి తెలుసట్రా ఎవత్తెకి మొగుడున్నాడో ఎవత్తెకి లేడో? నిన్ను సాకింది ముండమోసిన చెయ్యి కాదట్రా?"

"అమ్మా, నువ్వూరుకో. ఆఫీసర్లున్నారు" అన్నాడు పెదనాన్న పళ్ళ బిగువున.

డోలు మోగింది. సంచులు విప్పారు. అమ్మ వెనక్కి జరగలేదు, పక్కకి జరిగింది. జరిగి, అక్కడే నిలబడి, గట్టిగానే అడిగింది. బావగారి ఎదుట నోరెత్తడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"మరి నా మావు?"

"చెరువులో మావులేంటమ్మా? ఇహ ఆ పాత రోజులు కావు. ఏడాదికోసారి పట్టుబడి, వాటాలు మగదిక్కు ఉన్న ఇళ్ళకి. రాసుకున్నాం కూడా. నీకేం తక్కువ చెయ్యంలే, పక్కనే ఉన్నాం, ఇంత కూడు పెట్టకపోతామా?"

"కూడు అడగలేదు బావగారూ. నా మావు అడిగాను."

చలికి చెయ్యి వణుకుతోందన్న కుర్రాడూ మాట్లాడలేదు. వాడిని నేను ఇప్పటికీ క్షమించలేదు. పెదనాన్న సంగతి సరే, ఆయన పెద్దరికం ఆయనది. రోజూ మా బుట్టలో చేపలు పోసిన ఆ చేతులన్నీ ఆవేళ జేబుల్లో ఎందుకున్నాయి?

మర్నాడు తెల్లవారకముందే అమ్మ బుట్ట తీసుకుని రేవుకి వెళ్ళింది. నేనూ వెళ్ళాను. పాయ లేదు, గట్టుంది. అమ్మ ఎప్పుడూ నిలబడేచోటే నిలబడింది. పొద్దు పైకి వచ్చింది. పెదనాన్న పళ్ళు తోముకుంటూ వచ్చి, "ఇంకేం ఉందని నిలబడ్డావమ్మాయ్? నలుగురూ చూస్తే బావుండదు, ఇంటికి పో" అన్నాడు. అమ్మ కదల్లేదు. ఆ మర్నాడూ వెళ్ళింది. పిచ్చెక్కిందన్నారు కొందరు. పిచ్చి కాదు, అందరూ లేచి తన మొహం చూసేదాకా నిలబడాలనుకుంది. ఎవరూ చూడకుండా తలలు తిప్పుకుని వెళ్ళడం నేర్చుకున్నారు. అది చూశాక అమ్మ బుట్టని నీళ్ళలోకి విసిరేసి ఇంటికొచ్చింది.

ఆ వారంలోనే బిందె అమ్మేసి బెజవాడ వచ్చేశాం. నాయనమ్మ రానంది. ఆ దిబ్బమీదే, ఆ కొడుకు పంచనే పోయింది. పోయేదాకా వాడి చేతి ముద్ద ముట్టలేదని, దొడ్డమ్మ పెడితేనే తినేదని తర్వాత విన్నాం.

* * *

అమ్మ గవర్నర్‌పేటలో ఒక మెస్సులో వంటకి కుదిరింది. ఒక్క గది ఇల్లు. నన్ను మునిసిపల్ బళ్ళో వేసింది. ఒకప్పుడు బిందె దింపుకున్న గుమ్మాల ముందు నుంచే పనికి వెళ్ళొచ్చేది. మెస్సులో ఐసు చేపలొచ్చేవి, చాలాసార్లు బంగారు తీగే. కడుగుతూ కడుగుతూ "నువ్వటే" అనేదట దానితో. తోటివాళ్ళు చెప్పుకుని నవ్వేవాళ్ళు.

ఊళ్ళో చెరువు రెండు మూడేళ్ళు బాగానే నడిచిందట. ఆ తర్వాత మెరక ఊళ్ళ నుంచి డబ్బున్న పెద్దవాళ్ళు కార్లలో వచ్చారు, లీజులన్నారు, అప్పులన్నారు. చెరువు చేతులు మారింది. గట్టుమీద కాపలా కుక్కలు వచ్చాయి. మా ఊరివాళ్ళు తమ నీళ్ళ దగ్గరే కూలికి వల లాగారు. పెదనాన్న తాగుడులో పడి చనిపోయాడు.

నేను పెద్ద క్లాసుల్లో ఉన్నప్పుడు ఒక ఆదివారం మధ్యాహ్నం దొడ్డమ్మ వచ్చింది. బొట్టు లేదు. చేతిలో ఖాళీ సంచీ. గుమ్మంలో నిలబడి, "ఎలా ఉన్నావే?" అంది అమ్మని.

ఆవేళ ఇంట్లో కొరమీను పులుసు. ఏడాదికి ఒకటి రెండుసార్లు, ఎప్పుడైనా మనసైతే అమ్మ తెచ్చి వండేది. పొయ్యిమీద నుంచి అప్పుడే దించింది. మామిడికాయ ముక్కలు వేసిన పులుసు వాసన వీధిలోకి కొడుతోంది.

"రా అక్కా, కూర్చో" అంది అమ్మ. కాళ్ళకి నీళ్ళిచ్చింది. నేను చూస్తూనే ఉన్నాను, పులుసు చట్టిని కాలితో మెల్లగా మంచం కిందికి తోసింది. కంచం పెట్టి, అన్నం వడ్డించి, పప్పు వేసింది.

"చేపలు వండటం మానేశానక్కా ఈమధ్య" అంది.

దొడ్డమ్మ తలెత్తలేదు. ఆ గదిలో వాసన తప్ప ఇంకేమీ లేదు. "మంచిపని చేశావే" అంది. పప్పన్నం మెతుకు మిగలకుండా తింది. కళ్ళవెంట నీళ్ళు కారి కంచంలో పడుతున్నా తుడుచుకోలేదు. కంచం కడిగి బోర్లించి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

ఆవిడ వెళ్ళాక అమ్మ చట్టి బయటికి లాగి నాకు వడ్డించింది. తను వేసుకోలేదు. నేను తింటుంటే ఎదురుగా కూర్చుని నా చేతిని చూస్తూ, "నాయనమ్మ చూస్తే నన్ను కర్రతో కొట్టేది" అంది. ఆ మాట అంటూ ఏడవలేదు, నవ్వలేదు. అమ్మ పోయి చాలా కాలమైంది. ఆ మధ్యాహ్నం గురించి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

* * *

"ఏవండీ, చేపలకి దిష్టి పెడుతున్నారా?" అంటూ హిందీ టీచరు భుజం తట్టింది. చేపలాయన నావంక చూసి నవ్వి, గీసిన పొలుసుల్లోంచి ఒకటి తీసి నా అరచేతిలో పెట్టాడు, పర్సులో దాచుకో అని సైగ చేస్తూ. దాచుకుంటే కలిసొస్తుందని వీళ్ళ నమ్మకమట. మా అమ్మ గీసిన పొలుసులకి ఈపాటికి మేం మహారాజులం అయిపోవాలి. ఆయన నవ్వు మంచిది, అందుకని అక్కడ పారెయ్యలేదు. మలుపు తిరిగాక పారేశాను.

కాళ్ళు పీకుతుంటే చౌకులో ఒక హోటల్లోకి దూరాం. హిందీ టీచరుకి ఉడికించిన బంగాళాదుంపలు దొరికాయి, దాంతోపాటు సంచీలోంచి జంతికలు తీసింది. నేను పంతానికి చేపే చెప్పాను. మాకు రెండు కంచాలు పెట్టి, ఖాళీ కుర్చీ ముందు మూడోది కూడా పెట్టి, పక్కన ఒక పచ్చటి రెమ్మ ఉంచిందక్కడి అమ్మాయి. గైడు చెప్పిన కంచం.

"చూశారా, ఎంత గొప్ప మనసో! మనకెందుకండీ ఇలాంటివి లేవు?" అంది హిందీ టీచరు జంతిక కొరుకుతూ.

నేను కంచం దగ్గరికి లాక్కున్నాను. చేప తిన్నాను. బురద వాసన, ఒళ్ళంతా ముళ్ళు. అయినా మొత్తం తిన్నాను. తింటూ ఆ కంచాన్నే చూశాను. మా అమ్మ వస్తుందా? రాదు, అడక్కుండానే ఆవిడది ఆవిడకి ఇచ్చిన రోజులు చూసిన మనిషి. దొడ్డమ్మ వస్తుందేమో. వస్తే, ఈసారి ఎవరు ఏ చట్టిని ఎక్కడికి తోస్తారు?

ఎవరూ రాలేదు. మేం లేచాక ఆ అమ్మాయి మూడు కంచాలూ తీసింది. మా ఇద్దరివీ లోపలికి పట్టుకెళ్ళింది. మూడోది గుడ్డతో ఒక్క తుడుపు తుడిచి, పక్క బల్లమీద పెట్టింది.

"ఎవరూ రారని తెలిసి పెడతారండీ వీళ్ళు" అన్నాను మెట్లు దిగుతూ. "మా ఊళ్ళో మా అమ్మ రోజూ వచ్చేది. అందుకే తీసేశారు."

"ఏంటండీ?" అంది హిందీ టీచరు, కోటు గుండీలు పెట్టుకుంటూ.

"ఏం లేదు. పదండి, బస్సు టైమవుతోంది" అన్నాను.